మగ్గాల వీధిలో గాలి అడుగంటిన వైనం

గుండ్లమడక పురపాలక సంఘానికి ఆ ఏడాది వచ్చిన కమిషనరు నీటి మనిషి. నీళ్లిచ్చే మనిషి అని కాదు, నీటి గురించి ఆలోచించే మనిషి. బాధ్యతలు తీసుకున్న కొద్ది రోజులకే ‘ప్రతి చుక్కా లెక్కలోకి’ అనే కార్యక్రమం మొదలుపెట్టాడు. ఊరి గోడలన్నిటి మీదా నీలిరంగు నీటిచుక్కల బొమ్మలు వేయించాడు. ఆ బొమ్మలు వేయడానికి ముందు గోడలు కడగాలి గనక, రెండు వీధులకు రావలసిన ట్యాంకర్లను అటు మళ్లించాడు.

కార్యక్రమం సారాంశం ఇది. ఊళ్లో ఎక్కడ నీరు పుట్టినా పురపాలక సంఘానికి తెలియాలి. బావి గానీ, బోరు గానీ, గోడ పగుల్లో ఊట గానీ, ప్రతిదీ నమోదు కావాలి. నమోదు కాని నీరు అక్రమ నీరు. ఊరి జనం దీన్ని వ్యతిరేకించలేదు. అక్రమంగానైనా సరే నీళ్లున్నవాళ్లు ఆ ఊళ్లో బహు తక్కువ.

మగ్గాల వీధిలో మగ్గాలు పోయి చాలా కాలమైంది. కొళాయిలు మాత్రం ఉన్నాయి. వాటిలోంచి ఎప్పుడో ఒకసారి నీళ్లొచ్చేవని పెద్దవాళ్లు చెబుతారు. వీధి మొత్తం రోజు మార్చి రోజు వచ్చే ట్యాంకరు మీదే బతుకుతోంది. ఆ వీధిలో చెన్నకేశవులు అనే రిటైరైన హిందీ పండితుడు ఉన్నాడు. ఉద్యోగం చేసినన్నాళ్లూ పిల్లలకు ఏ మాట పుంలింగమో, ఏ మాట స్త్రీలింగమో నేర్పడంతోనే సరిపోయింది. రిటైరయ్యాక, ఏ లింగమో తేల్చనక్కర్లేని పని ఒకటి పెట్టుకున్నాడు. పాత సైకిళ్లు కొని తెచ్చి, విప్పి, తుప్పు గీకి, కొత్త రంగులు వేయడం.

మొదట్లో కుంచెతో వేసేవాడు. కుంచె గీతలు కనిపిస్తున్నాయని మనసుకు నచ్చక, రంగు చిమ్మడానికి, గాలిని ట్యాంకులో నొక్కి నింపే ఒక చిన్న కంప్రెసర్ కొన్నాడు. అది ఇల్లు చేరిన రోజు ఆయన భార్య ఓబుళమ్మ దాని చుట్టూ ఒకసారి తిరిగి, మోత విని, “ఇంట్లో దున్నపోతును కట్టేసినట్టుండాది” అంది.

అమ్మిన షాపతను ఆయనకు ఒక మాట గట్టిగా చెప్పాడు. “కొనేది గొప్ప కాదు సార్. వాడని దినాల్లో దాన్ని ఎట్ల పెట్టుకుంటారనేదే గొప్ప. పని కాగానే లోపలి గాలంతా వదిలేయాల. ట్యాంకు అడుగున వాల్వు ఉంటాది, అది తిప్పి నీళ్లు పోనీయాల. వాల్వు తెరిచే పెట్టాల. తడి లేని చోట, దుమ్ము పడకుండా కప్పి పెట్టాల. నీళ్లు లోపలే నిలిచినాయంటే తుప్పు పడతాది. తుప్పు పట్టిన ట్యాంకు గాలి నిండినప్పుడు పగిలిందంటే ఇంట్లో ఎవురూ మిగలరు.”

“గాలి నింపితే నీళ్లెందుకు వస్తాయప్పా?” అని అడిగాడు చెన్నకేశవులు.

“చల్లనీళ్ల చెంబుకు చెమట పట్టదా సార్. అట్లాంటిదే.”

చెన్నకేశవులు దాన్ని వ్యాకరణ సూత్రంలా పాటించాడు. సైకిలుకు రంగు వేయడం అయిపోగానే కంప్రెసరును గడప దాకా లాక్కొచ్చి, వాల్వు తిప్పి, గాలీ నీళ్లూ బయటికి పోనిచ్చి, గుడ్డతో తుడిచి, పాత దుప్పటి కప్పి, వెనక గదిలో పెట్టేవాడు. మళ్లీ ఇంకో సైకిలు దొరికే దాకా అది అక్కడ పొడిగా, ఖాళీగా, ప్రశాంతంగా ఉండేది. కథ అంతటితో ఆగిపోవలసింది.

వానాకాలం చివర్లో ఒకరోజు ఆయన అలాగే వాల్వు తిప్పాడు. గాల్లో తేమ ఎక్కువ గనక ఆ రోజు కాస్త ఎక్కువే వచ్చాయి. టీ రంగు నీళ్లు సన్నగా మెట్టు దిగి కాలవ వైపు సాగాయి. సరిగ్గా అప్పుడే, నీటి వనరుల సర్వే కోసం వీధులు తిరుగుతున్న అసిస్టెంట్ ఇంజనీరు హేమాద్రి ఆ మెట్టు ముందు ఆగాడు. హేమాద్రి చెడ్డవాడు కాదు. ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. రూలు పుస్తకంలో ఉన్నదంతా నిజమని నమ్మే వయసు.

“ఈ నీళ్లు యాడివి సార్?” అన్నాడు.

“మిషన్లోవి.”

“మిషన్లోకి యాడ నుంచి వచ్చినాయి?”

“గాల్లో నుంచి.”

హేమాద్రి పారుతున్న నీళ్లను చూశాడు. ఆకాశం వైపు చూశాడు. “ఈ పొద్దు మీ వీధికి ట్యాంకరు లేదు. కొళాయి లేదు. నీళ్లు మాత్రం పారుతాండాయి. ఇది మా రికార్డుకు విరుద్ధంగా ఉండాది సార్.”

చెన్నకేశవులుకు చాలా రోజులకు ఒక విద్యార్థి దొరికినట్టయింది. ఓపికగా చెప్పాడు. “గాలిలో తేమ ఉంటాది నాయనా. దాన్ని నొక్కి నింపితే, చల్లారినాక నీరవుతాది. మిషను వాడని దినాల్లో ఆ నీరు లోపల ఉండకూడదు. అందుకని వదిలేస్తాండా.”

“అంటే మీరు ఇంట్లో నీళ్లు పుట్టించి వీధిలో పారబోస్తాండారు.”

లోపలి నుంచి ఓబుళమ్మ అంది. “గ్లాసుడు నీళ్లప్పా అవి. మనిషి తాగలేడు, చెట్టుకు పోస్తే చెట్టు చస్తాది.”

“పరిమాణం గురించి కార్యక్రమంలో లేదమ్మా. ప్రతి చుక్కా అని ఉంది” అన్నాడు హేమాద్రి. చాలా మర్యాదగా అన్నాడు.

మరుసటి రోజు చెన్నకేశవులును ఆఫీసుకు పిలిపించారు. హేమాద్రి ఆయనను కుర్చీలో కూర్చోబెట్టి, టీ తెప్పించి, కంప్యూటరు ముందు కూర్చున్నాడు. వనరు రకం అన్న చోట బావి, బోరు, చెరువు, ఊట, ఇతరాలు అని ఉన్నాయి. ఇతరాలు నొక్కి, పక్కన ‘గాలి’ అని కొట్టాడు. కంప్యూటరు ఒప్పుకుంది. తర్వాత లోతు అడిగింది.

“గాలికి లోతేముంటాది నాయనా?”

“లోతు కొట్టకపోతే ఇది ముందుకు పోదు సార్.”

“అట్లయితే ఎత్తు కొట్టు.”

“ఎత్తు కొట్టే చోటు లేదు సార్. నీళ్లంటే కిందనే ఉంటాయని పెట్టినారు. మీరే ఏదో ఒకటి చెప్పండి.”

చెన్నకేశవులు ఆలోచించాడు. “మిషను నా మోకాలి దాకా వస్తాది.”

“మోకాలి లోతు” అని కొట్టాడు హేమాద్రి. తెర మీద ఒక పచ్చటి గుర్తు వెలిగింది. అది చూసి అతని ముఖం కూడా వెలిగింది. “ఊరు మొత్తంలో ఇంత పైన నీళ్లు పడింది మీ ఇంట్లోనే సార్. మిగతా బోర్లన్నీ పాతాళంలో ఉండాయి.”

చెన్నకేశవులు టీ తాగి ఇంటికి వచ్చాడు. మంచి కుర్రాడు, మర్యాద తెలిసినవాడు అని భార్యతో చెప్పాడు. ఆఫీసులో టీ ఇచ్చారంటే ఏదో వచ్చి పడుతుందని ఓబుళమ్మకు అనిపించింది.

వచ్చి పడింది. ఆ వారంలోనే హేమాద్రి ఇద్దరు సిబ్బందితో, లక్కతో, ఇనప తీగతో వచ్చాడు. నమోదైన వనరును ఖాళీ చేయడం నిబంధనలకు విరుద్ధం గనక, ట్యాంకు అడుగు వాల్వును బిగించి, తీగ చుట్టి, లక్క కరిగించి సీలు వేశాడు. నమోదైన వనరును నిద్రాణంగా ఉంచడం కూడా విరుద్ధమే గనక, రోజూ పొద్దున కాసేపు మిషను నడపాలని చెప్పాడు. వనరు ప్రజలకు కనిపించాలి గనక వెనక గదిలో ఉంచరాదన్నాడు. దుప్పటి తీయించి, కంప్రెసరును వరండాలోకి తెచ్చి, ‘ప్రజా జల వనరు’ అని బోర్డు తగిలించారు.

“నాయనా, వాడకానికీ వాడకానికీ నడుమ దీన్ని ఖాళీగా, పొడిగా పెట్టాల” అన్నాడు చెన్నకేశవులు. “లేకుంటే లోపల తుప్పు పడతాది. పగలతాది.”

“ఖాళీగా, పొడిగా పెట్టే పద్ధతి మా శాఖలో కొళాయిలకు మాత్రమే వర్తిస్తాది సార్” అన్నాడు హేమాద్రి.

దాని తర్వాతి రోజు ట్యాంకరు రావలసిన రోజు. వీధి జనం బిందెలు వరసగా పెట్టుకుని నిలబడ్డారు. ట్యాంకరు వీధి మొగ దాకా వచ్చి, ఆగకుండా పక్క వీధిలోకి పోయింది. జనం వెంటపడి అడిగితే డ్రైవరు తల బయటపెట్టి చెప్పాడు. “మీది సమృద్ధి వీధంట. మోకాలి లోతులో నీళ్లుండాయంట. మీకు ఆపేయమని ఆర్డరు.”

చెన్నకేశవులు ఇంటి పక్కనే జుబేదా అనే ఆమె ఇంటి ముందు ఇడ్లీలు పోసి అమ్ముతుంది. భర్త లేడు. ఆ పొయ్యి మీదే ఆమె ఇద్దరు ఆడపిల్లలు చదువుకుంటున్నారు. చిన్నప్పుడు ఆమెకు హిందీ చెప్పింది చెన్నకేశవులే. రోజూ పొద్దున మొదటి వాయిలోంచి ఒక పళ్లెం గోడ మీదుగా వీళ్లింటికి వచ్చేది. ఆ రోజు ఆమె ఖాళీ బిందె చంకన పెట్టుకుని వరండాలోకి వచ్చింది.

“అయ్యోరా, పప్పు నానబెట్టాల. మీ గాలి నీళ్లు నాకెన్ని బిందెలు ఇస్తారు?”

ఆమె ఎగతాళి చేయలేదు, కోపంగానూ అనలేదు. ఊరంతా అంటున్నది నిజమేమో అనుకుని అడిగింది. చెన్నకేశవులు కంప్రెసరు వైపు చూశాడు, బిందె వైపు చూశాడు. “దీంట్లో ఏమీ లేవమ్మా” అన్నాడు.

“ఏమీ లేనిదానికి బోర్డెందుకు పెట్టించుకుంటిరి అయ్యోరా?” అని అడిగి, ఆమె వెళ్లిపోయింది.

మర్నాడు గోడ మీదుగా పళ్లెం రాలేదు. జుబేదాకు పగ ఏమీ లేదు. ఇడ్లీలే లేవు. వీధిలో మిగతావాళ్లకు మాత్రం పగే. చెన్నకేశవులు ఎదురైతే కొందరు పక్కకు తిరిగేవాళ్లు. పాలు పోసే ఆమె కూడా చెంబు కింద పెట్టేది గానీ చేతికి ఇచ్చేది కాదు.

ఆయన ఆ రాత్రంతా మంచం మీద దొర్లాడు. పొద్దున్నే వెనక గది తలుపు తీసి, రంగులు వేసిన సైకిళ్లను ఒక్కొక్కటే వీధిలోకి తెచ్చాడు. వాటి మీద ఈగ వాలినా ఓర్చుకోని మనిషి, వెనక క్యారియరుకు రెండు పక్కలా తాళ్లు కట్టి బిందెలు వేలాడదీశాడు. రైలు గేటు అవతల వ్యవసాయ మార్కెట్టులో ఒక బోరు ఉంది. అక్కడి దాకా తొక్కి, నింపి, నడిపించుకుంటూ వచ్చి, మొదటి రెండు బిందెలూ జుబేదా గడపలో దించాడు. ఆమె వద్దనలేదు. కొంగుతో కళ్లు ఒత్తుకుని పప్పు డబ్బా మూత తీసింది.

తర్వాత సైకిళ్లన్నీ వీధికి ఇచ్చేశాడు. రోజూ వీధి వీధంతా ఎర్రవీ, పచ్చవీ, నీలివీ సైకిళ్ల మీద బిందెలు కట్టుకుని రైలు గేటు వైపు పోయేది. బిందెల అంచులు తగిలి రంగు గీరుకుపోయేది. ఆయన చూసేవాడు. చూసి, వదులైన తాళ్లు బిగించేవాడు. జనం మళ్లీ పలకరించడం మొదలుపెట్టారు.

ఇంతలో కమిషనరుకు ఊరి వనరుల జాబితాలో మొదటి స్థానంలో ఉన్న వనరును స్వయంగా చూడాలనిపించింది. మగ్గాల వీధిలో షామియానా వేశారు. దుమ్ము లేవకుండా ముందురోజు ఒక ట్యాంకరు వచ్చి వీధి పొడవునా నీళ్లు చల్లింది. ఆడవాళ్లు ఖాళీ బిందెలతో తలుపుల్లో నిలబడి చూశారు. ఒకావిడ అడ్డం వెళ్లి బిందె పెట్టబోతే, ఇవి చల్లే నీళ్లమ్మా, పట్టే నీళ్లు కావు అని డ్రైవరు చెప్పాడు.

కమిషనరు వచ్చాడు. హేమాద్రి సీలు విప్పి, వాల్వు కొద్దిగా తిప్పి, అర గ్లాసు పట్టి, మళ్లీ సీలు వేశాడు. మిగతా నీళ్లు కూడా వదిలేయమని చెన్నకేశవులు పక్కనుంచి బతిమాలాడు. పరిశీలనకు అర గ్లాసు చాలన్నారు.

గ్లాసులో నీళ్లు ఇటుక పొడి కలిపినట్టున్నాయి. కమిషనరు దాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత మైకు అందుకున్నాడు.

“సోదర సోదరీమణులారా, ఈ వర్ణం దేనిదో మీకు తెలుసా? ఇనుముది. మన ఆడబిడ్డల్లో రక్తహీనత ఉన్నదని ఆరోగ్య శాఖ నివేదికలు ఘోషిస్తున్నాయి. రక్తహీనతకు కావలసింది ఇనుము. భూమిలో నీరు లేనప్పుడు ఆకాశం నీరిస్తున్నది, ఆ నీటిలో ఇనుమిస్తున్నది. ఒకే చుక్క రెండు శాఖల లక్ష్యాలను సాధిస్తున్నది. దీనికి వాయుగంగ అని నామకరణం చేస్తున్నాను. వీధికొక కంప్రెసర్ నెలకొల్పి, దశలవారీగా ఊరికి ట్యాంకర్ల నుంచి విముక్తి కలిగిస్తాం.”

ముందు వరసలో కూర్చున్న ఆఫీసు సిబ్బంది చప్పట్లు కొట్టారు. విముక్తి అన్న మాట వినగానే, పక్క వీధుల నుంచి చూడవచ్చిన జనం గబగబా ఇళ్లకు వెళ్లి ఉన్న పాత్రలన్నీ నింపుకోవడం మొదలుపెట్టారు.

జుబేదా లేచి నిలబడింది. “సార్, మీరొక గుక్క తాగి చూపించండి. మేమూ తాగుతాం.”

కమిషనరు గ్లాసు హేమాద్రి చేతికిచ్చాడు. “నాకు రక్తహీనత లేదమ్మా” అన్నాడు.

సభ ముగిసింది. వాయుగంగ మొదలు కావడానికి ముందు, మాదిరి వనరైన ఈ మిషను రోజూ తప్పకుండా నడవాలని మరోసారి ఆదేశాలొచ్చాయి. చెన్నకేశవులు నడిపాడు. రోజు రోజుకూ మిషను మోత మారుతోంది. కాస్త పక్కకు వంచితే లోపల నీళ్లు తెడ్డుతో కొట్టినట్టు చప్పుడు చేస్తున్నాయి. నీళ్లు నిండిన మేరకు గాలికి చోటు తగ్గి, ఒత్తిడి చూపే ముల్లు గబుక్కున ఎర్రగీత దగ్గరికి పోతోంది. ఒక పొద్దున ఆయన తుడుస్తుంటే, అడుగు అతుకు దగ్గర గుడ్డకు ఎర్రటి తడి అంటింది. గోరుతో గీకితే పొరలు లేచాయి.

వరండా గోడకు అవతలే జుబేదా పిల్లలు కూర్చుని చదువుకుంటారు. ఆయన స్విచ్చి తీసేసి, వైరు పీకి, చుట్ట చుట్టి జేబులో పెట్టుకున్నాడు. “ఏమన్నా రానీ. ఇంక నేను దీన్ని నడపను” అని భార్యతో అన్నాడు.

వనరును నిద్రాణంగా ఉంచినందుకు సంజాయిషీ ఇవ్వాలని పిలుపు వచ్చింది. ఈసారి ఓబుళమ్మ కూడా బయల్దేరింది. కమిషనరు గదిలో వీళ్లకంటే ముందు ఒక రైతు నిలబడి ఉన్నాడు. తన బోరు ఎండిపోయిందనీ, అయినా జాబితాలో ఉన్నందున తమ వీధికి ట్యాంకరు రావడం లేదనీ చెప్పుకున్నాడు. భూగర్భ జల శాఖ వారు వచ్చి వనరు ఎండినట్టు ధ్రువీకరిస్తే ట్యాంకరును పునరుద్ధరిస్తామని కమిషనరు చెప్పాడు. రైతు దండం పెట్టి వెళ్లాడు.

చెన్నకేశవులు తుప్పు గురించి, అతుకు గురించి, పిల్లల గురించి చెప్పడం మొదలుపెట్టాడు. కమిషనరు గడియారం చూసుకున్నాడు. ఓబుళమ్మ భర్త చెయ్యి పట్టుకుని ఆపింది.

“సార్, మాది కూడా ఎండిపోయింది” అంది.

కమిషనరు తలెత్తాడు. “గాలి ఎండిపోవడమేమిటమ్మా?”

“వనరు కద సార్. వనరన్నాక ఎండదా?”

కమిషనరు హేమాద్రి వైపు చూశాడు. హేమాద్రి రూలు పుస్తకం తిరగేశాడు. వనరు ఏదైనా ఎండవచ్చునని అందులో ఉంది. ఫలానా వనరు ఎండరాదని ఎక్కడా లేదు. వాదనలో లోపం కనిపించక, తనిఖీకి ఆదేశించారు.

జిల్లా కేంద్రం నుంచి వైజయంతి అనే భూగర్భ శాస్త్రవేత్త వచ్చింది. ఎండాకాలం నడిమధ్య, మిట్టమధ్యాహ్నం. వడగాలికి వీధిలో కుక్క కూడా లేదు. జీపులోంచి లోతు కొలిచే టేపు దించి, కంప్రెసరును చూసి, మళ్లీ జీపులో పెట్టేసింది. గాలి తన శాఖ కిందికి ఎలా వస్తుందని ఆమె అడగలేదు. రమ్మన్నారు గనక వచ్చింది.

“విధానం ప్రకారం ముందు వనరును పూర్తిగా తోడేయాలి. తర్వాత మళ్లీ ఊరుతుందా లేదా చూడాలి” అంది.

సీలు విప్పారు. చెన్నకేశవులు మోకాళ్ల మీద కూర్చుని తన చేత్తోనే వాల్వు తిప్పాడు. బుస్సుమని గాలి, దాని వెనకే ఎర్రటి చిక్కటి నీళ్లు. బకెట్టు నిండింది. ఓబుళమ్మ ఇంకో బకెట్టు తెచ్చింది. నీళ్లు సన్నబడి, చుక్కలై, ఆగిపోయాక ఆయన లేచి గోడకు ఆనుకున్నాడు. చాలా రోజుల తర్వాత భుజాలు దించాడు.

తర్వాత అతుకు మీద భయంతో, అందరినీ వీధి అవతలికి పంపి, ముల్లు సగం కూడా లేవకముందే ఆపేలా మిషను నడిపారు. వేపచెట్టు నీడలో ఓబుళమ్మ ఇచ్చిన మజ్జిగ తాగారు. ట్యాంకు చల్లారాక వాల్వు తిప్పారు. బయట గాలి నిప్పులా కాగి, తడి లేకుండా ఎండి ఉంది. ఒక్క చుక్క రాలేదు. గాలి మాత్రం వచ్చింది.

“గాలి వస్తాండాది కద మేడం” అన్నాడు హేమాద్రి. జాబితాలో మొదటి వనరు పోతుందని అతని బెంగ.

“గాలి వస్తే ఏం లాభం? నీళ్లు రావాలి” అంది వైజయంతి. “ఎండిపోయిన బోరులోంచి కూడా చివరికి గాలే వస్తుంది. వనరు చచ్చిందనడానికి అదే గుర్తు.”

అక్కడే కూర్చుని ధ్రువపత్రం రాసి ఇచ్చింది. వీధి పేరు మగ్గాల వీధి. వనరు గాలి. స్థితి, పూర్తిగా అడుగంటినది. పునరుద్ధరణకు అవకాశం లేదు.

ఎండిన వనరులో పిల్లలు పడిపోకుండా మూత వేయడం తప్పనిసరి. హేమాద్రి వాల్వు రంధ్రం కొలిచాడు. అగ్గిపుల్ల పడుతుంది. అయినా రూలు రూలే గనక, మందమైన టార్పాలినుతో కంప్రెసరు కొలతకు తొడుగు కుట్టించి తెచ్చి కప్పారు. మళ్లీ నీరు చేరితే తెలియడానికి వాల్వు తెరిచే ఉంచాలన్నారు. ఎండిన వనరుకు ప్రజలతో పని లేదు గనక వెనక గదిలో పెట్టుకోవచ్చన్నారు. అలా పురపాలక సంఘం, ఖాళీ చేసి, ఆరబెట్టి, వాల్వు తెరిచి, కప్పి, షాపతను చెప్పింది చెప్పినట్టు చేసింది. పాడైన ట్యాంకును చెన్నకేశవులు తర్వాత మార్పించుకున్నాడు.

ట్యాంకరు మళ్లీ వచ్చింది. జుబేదా పొయ్యి వెలిగింది. మొదటి వాయి పళ్లెం గోడ మీదుగా వచ్చినప్పుడు, ఓబుళమ్మ అందుకుని కాసేపు అక్కడే నిలబడి జుబేదాతో మాట్లాడింది. వాయుగంగ మాత్రం ఆగిపోయింది. మాదిరి వీధిలోనే గాలి అడుగంటినప్పుడు, మిగతా వీధుల్లో ఎంత గాలి ఉందో ముందు సర్వే చేయాలన్నారు. ఆ సర్వే ఇంకా నడుస్తోంది.

చలికాలం వచ్చింది. పింఛను తీసుకునేవాళ్లు బతికి ఉన్నామని ఏటా ఒకసారి ఖజానా ఆఫీసుకు వెళ్లి చూపించుకోవాలి. చెన్నకేశవులు భార్యను వెంటబెట్టుకుని వెళ్లాడు. అధికారి కంప్యూటరులో వివరాలు చూసి, నొసలు చిట్లించి, మళ్లీ చూశాడు.

“మీది మగ్గాల వీధి కదా. ఈ ఏడాది శాఖలన్నిటి రికార్డులనూ అనుసంధానం చేశారు. మీ వీధిలో గాలి పూర్తిగా అడుగంటినట్టు నమోదై ఉంది. గాలి లేని ప్రాంతంలో పింఛనుదారు జీవించి ఉండే అవకాశం లేదని వ్యవస్థ మిమ్మల్ని నిరాకరిస్తోంది.”

“నేను మీ ముందరే కూర్చోని ఉండాను కద సార్. ఊపిరి తీస్తాండా, వదులుతాండా.”

“ఇప్పుడు మీరు తీస్తున్నది మా ఆఫీసు గాలి. ఇంటి దగ్గర పరిస్థితి చెప్పండి. మీ వీధిలో గాలి ఉందా, లేదా? ఉందంటే చెప్పండి, పురపాలక సంఘానికి రాసి రికార్డు సరిచేయిస్తాను.”

చెన్నకేశవులు నోరు తెరిచి, ఆగిపోయాడు. ఉంది అంటే వనరు బతుకుతుంది. వనరు బతికితే లక్క వస్తుంది, తీగ వస్తుంది, ట్యాంకరు పక్క వీధికి పోతుంది. లేదు అంటే తను చచ్చినట్టు. జీవితమంతా సత్యం పలకండని పిల్లలకు హిందీలో రాయించిన మనిషి. ఆయన ఓబుళమ్మ వైపు చూశాడు. ఆమె చిన్నగా తల అడ్డంగా ఊపింది.

“లేదు సార్” అన్నాడు.

“మరి ఎట్లా బతుకుతున్నారు?”

ఓబుళమ్మ కుర్చీ కాస్త ముందుకు జరుపుకుంది. “ఇన్నేండ్లు కొళాయిలో నీళ్లు లేకుండా బతకలేదా సార్? ఇదీ అట్లనే. మొదట్లో రవంత కష్టమాయ. తర్వాత అలవాటైపోయింది.”

అధికారి ఆలోచించాడు. ఆయనది కూడా ఈ ఊరే. ఈ సమాధానంలో ఆయనకు నమ్మశక్యం కానిదేమీ కనిపించలేదు. “అలవాటు మీద జీవించి ఉన్నారు” అని కొట్టాడు. కంప్యూటరు ఒప్పుకుంది.

ఇద్దరూ బయటికి వచ్చారు. ఆ రోజు ట్యాంకరు వచ్చే రోజు. ఆలస్యమైతే బిందె వరసలో వెనక పడుతుందని గబగబా ఇంటిదారి పట్టారు.